నా భార్య సంగతి నాకు చెప్పవలసిన ఉద్యోగి ఎవరు?

గౌరవనీయులైన జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,

శామీర్‌పేట మండలంలోని ఒక గ్రామ నివాసి, ఆర్టీసీలో టికెట్ల తనిఖీ ఉద్యోగం చేసి రిటైరైన పర్వతాలు వ్రాసుకొను అర్జీ.

విషయం: పల్లె దవాఖానలో కూర్చునే నర్సు గారు, పెద్దాసుపత్రిలో తెల్లకోటు వేసుకొని తిరిగే ఫిజీషియన్ అసిస్టెంటు గారు డాక్టర్లా, కాదా, కాకపోతే ఎంతవరకు కాదు, వీరి విధులు ఏవి, రోగి భర్తకు సంగతి చెప్పే విధి వీరిలో ఎవరిది అన్నది తెలుపుట గురించి.

అయ్యా,

ముందుగా ఒక మనవి. ఈ అర్జీలో గ్రామం పేరు కావాలనే వేయలేదు. కారణం చివర చెప్పుకుంటాను. నర్సు గారిని పద్మలత అని వ్రాస్తున్నాను. అది ఆమె అసలు పేరా కాదా అని తమరు వాకబు చేయించవద్దు. చివరి దాకా చదవకుండా దీనిని సంబంధిత సెక్షనుకు పంపవద్దని కూడా ప్రార్థన. సంబంధిత సెక్షనులో కాగితాల గతి ఏమవుతుందో నౌకరీ చేసిన మనిషిగా నేను ఎరుగుదును.

నా గురించి రెండు ముక్కలు. నా సర్వీసంతా మేడ్చల్, శామీర్‌పేట రూట్లలో బస్సులెక్కి టికెట్లు తనిఖీ చేయడంలోనే గడిచింది. ఈ పనిలో టికెట్టు చూడడం చివరి సంగతి. ముందు ముఖం చూడాలి. టికెట్టు ఉన్నవాడు మమ్మల్ని చూడగానే విసుక్కుంటూ జేబులో చెయ్యి పెడతాడు. లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. బయట కండ్లకోయ దగ్గర ఆగిన కాలేజీ బస్సులు తప్ప ఏమీ ఉండవు. అయినా జాతర చూసినంత శ్రద్ధగా చూస్తాడు. అట్లా చూసినవాడి దగ్గరికి నేరుగా వెళ్లి చెయ్యి చాపితే ఏనాడూ నా అంచనా తప్పలేదు. రిటైరైనా ఈ అలవాటు పోలేదు. నా భార్య దుర్గాబాయి దీనిని రోగం అంటుంది. నేను అనుభవం అంటాను.

ఇక నా ఫిర్యాదులు వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. హోదా విషయం.

మా ఊరి పల్లె దవాఖానలో పద్మలత గారు వచ్చిన నాటి నుంచి ఊరంతా ఆమెను డాక్టరమ్మ అంటున్నది. నాకు మొదటి రోజే అనుమానం తగిలింది. డాక్టరైన మనిషి మా ఊళ్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీ వదలకుండా కూర్చోవడం నేను వినలేదు. కావున స్వయంగా వెళ్లి అడిగాను.

“నేను డాక్టర్ను కాదు పెద్దనాయినా,” అని ఆమె వెంటనే ఒప్పుకున్నది. “నర్సింగ్ జదివిన. దాని మీద ఇంకో ట్రైనింగ్ అయింది. మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ అంటరు.”

మిడ్ లెవెల్ అనగా మధ్య మెట్టు అని తెలిసినవారు చెప్పారు. ఇంకొన్ని చోట్ల వీరినే నర్స్ ప్రాక్టీషనర్ అంటారట. అయ్యా, బస్సు మెట్టు మీద నిలబడ్డవాడు లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా? ఇదే ప్రశ్న మీద నేను ఎంతమందితో కొట్లాడానో లెక్క లేదు.

“మరి డాక్టరమ్మా అంటే పలుకుతవెందుకు?” అని అడిగాను.

“పలుకకుంటే ఎనక్కి పోతరు పెద్దనాయినా. మల్ల రారు. నేను కాదని రోజు జెప్తనే ఉన్న, వింటరా?”

జవాబు సబబుగానే ఉన్నది. సబబైన జవాబు ఠక్కున వస్తే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది.

2. ఫోను విషయం.

నాకు బీపీ ఉన్నది. నెలనెలా మాత్రలు ఆమే ఇస్తున్నది. ఒకనాడు కళ్లు తిరుగుతున్నాయి, మాత్ర మార్చమని అడిగితే, పట్టీ చుట్టి బీపీ చూసి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు గారికి వీడియో కాల్ కలిపింది. తెలిస్తే ఫోనెందుకు, తెలియకపోతే కుర్చీ ఎందుకు అని నేను మొహమాటం లేకుండా అడిగాను.

“నడుస్తున్న మందు ఇచ్చుడు నా పని. మార్చుడు సార్ పని. మించితే పంపుడు మల్ల నా పని. గంతే పెద్దనాయినా.”

ఫోనులో డాక్టరు గారి నుదురు మాత్రం కనబడింది. ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఆమెను అడిగారు. ఆమె చెప్పింది. ఆయన మందు మార్చారు. కళ్లు తిరగడం తగ్గిన మాట నిజమే, దాచను. నా అభ్యంతరం వేరు. నా సంగతి డాక్టరుకు ఆమె చెప్పాలి, డాక్టరు మాట నాకు ఆమె చెప్పాలి. నడుమ ఏ మాట జారిపోయిందో తనిఖీ చేసే నాథుడెవరు? బస్సులో కండక్టరు మీద మేము ఉన్నాము. ఇక్కడ ఎవరున్నారు?

3. తలుపు విషయం.

ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లు అందరూ పరీక్షకు రావాలని ఆశా కార్యకర్త జహేదా గారు ఇల్లిల్లూ తిరిగి పిలిచారు. నోరు చూస్తారు, రొమ్ము చూస్తారు, సర్కారు ఉత్తర్వు అన్నారు. నా భార్య కూడా వెళ్లింది, వెంట నేనూ వెళ్లాను. లోపలి గది తలుపు వేశారు. ముందు వెళ్లిన ఆడవాళ్లు చాయ్ తాగినంత సేపట్లో బయటికి వచ్చారు. నా భార్య లోపలే ఉన్నది. తలుపు సందులోంచి పద్మలత గారి గొంతు వినబడుతున్నది గాని మాటలు అందలేదు. తలుపుకు చెవి ఆనించబోతే జహేదా గారు అడ్డం వచ్చారు.

“క్యా భాయ్‌సాబ్, ఆడోల్ల దర్వాజ కాడ మీకు ఏం పని? జావో, గా అరుగు మీద కూసో పోండి.”

నా భార్య ఆ గదిలోంచి వచ్చాక ఏమన్నారని లోపలికి వెళ్లి అడిగాను.

“ఏమన్లేదు,” అన్నది దుర్గాబాయి. అని, దవాఖాన కిటికీలోంచి బయటికి చూసింది.

అయ్యా, పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి నాతో ముఖం తిప్పి మాట్లాడింది లేదు. తిట్టినా ముఖం చూసే తిట్టేది. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇది ఫిర్యాదుగా నమోదు చేసుకోవచ్చో లేదో తెలియక ఇక్కడ వ్రాశాను.

4. ప్రయాణాల విషయం.

ఆ తర్వాత నా భార్య దూలపల్లిలోని చెల్లెలి ఇంటికి పోతున్నానని మాటిమాటికీ బస్సెక్కసాగింది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి అడగడానికి కారణం కూడా లేకపోయింది. నేనూ ఊరుకున్నాను. ఒకనాడు మేడ్చల్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే పాత కండక్టరు ఎల్లేష్ కలిసి, కులాసాగా అడిగాడు.

“అన్నా, వదినకు ఇప్పుడెట్లున్నది? మొన్న మా బండ్లనే వచ్చింది. పెద్ద దవాఖాన కాడ దిగింది. ఎంబడి మీ ఊరి నర్సమ్మ గూడ ఉండె.”

నేను బాగుందని చెప్పాను. ఎల్లేష్‌ను ఒకప్పుడు నేనే మెమో ఇచ్చి నిలబెట్టినవాణ్ని. వాడికి తెలిసిన సంగతి నాకు తెలియదని ఏ ముఖంతో చెప్పను? చాయ్ అక్కడే వదిలేసి వచ్చాను.

దారి పొడుగునా నా బుర్ర ఒకే లెక్క కట్టింది. ఈ నర్సు పెద్దాసుపత్రికి ఏజెంటు. పల్లెల నుంచి అమాయకులను తోలుకుపోయే బేరం. నేరుగా పల్లె దవాఖానకు వెళ్లి, నా భార్యకు ఏమైందో చెప్పమన్నాను.

“పెద్దమ్మనడుగు పెద్దనాయినా.”

“చూసింది నువ్వు. నువ్వు చెప్పు.”

“ఆమె వద్దన్నది. ఆమె పానం సంగతి ఆమె ఒప్పుకోకుంట నేను ఎవ్వరికి జెప్పొద్దు. మొగనికైనా సరే. గది మా రూలు.”

సర్వీసులో ఎంతమంది పెద్ద మనుషుల పేర్లు చెప్పినా రూలు రూలే అని బస్సు దింపినవాణ్ని నేను. అదే మాట నా మీద పడితే ఇంత బరువుంటుందని అనుకోలేదు. కోపంలో నీ మీద అర్జీ పెడతానన్నాను.

“పెట్టు పెద్దనాయినా,” అన్నది ఆ పిల్ల. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “గాని జర ఆగి పెట్టు.”

ఎందుకు ఆగాలో చెప్పలేదు. అది కూడా రూలే కాబోలు.

5. పెద్దాసుపత్రి విషయం.

మరోసారి నా భార్య దూలపల్లి అని బయలుదేరగానే నేను వెనక తలుపు నుంచి అదే బస్సెక్కాను. ఆడవాళ్ల సీట్ల వైపు చూడకుండా తల వంచుకొని కూర్చున్నాను. దిగాక ఆమె నా కోసమే ఆగి ఉన్నది. పక్కన పద్మలత గారు ఉన్నారు.

“ఎనక దర్వాజ నుంచి ఎక్కుడు నీకు పాత అలవాటే గద,” అన్నది దుర్గాబాయి. “వచ్చినవు గద, రా. నోరు మాత్రం తెరువకు.”

లోపల తెల్లకోటు, మెడలో స్టెతస్కోపుతో రహీల్ అనే కుర్రాడు వచ్చాడు. నెమ్మదస్తుడు. నా భార్యను కూర్చోబెట్టి పాత జబ్బులు, మందులు, కుటుంబంలో ఎవరికేమి వచ్చిందీ అన్నీ అడిగాడు. తెర వేసి పరీక్ష చేశాడు. ఫైలులో వ్రాశాడు. ఇంత ఓపిక గల డాక్టరు ఉంటాడా అని నేను నివ్వెరపోయాను. ఉండడు. అతడు డాక్టరు కాదు.

“ఫిజీషియన్ అసిస్టెంట్‌ని అంకుల్,” అన్నాడు. “సార్ కింద చేస్త. అన్ని చూసి రెడీ చేసి పెడ్త. సంగతి సారే చెప్తరు.”

సార్ వచ్చారు. నిలబడే ఫైలు చూశారు. నా భార్య భుజం మీద చెయ్యి వేసి, “భయపడకండమ్మా, మిగతాది రహీల్ చెప్తాడు,” అని థియేటరుకు వెళ్లిపోయారు. అక్కడ ఇంకెవరో కోత బల్ల మీద ఉన్నారట. ఆయనను నేను తప్పు పట్టడం లేదు. నేను రహీల్ వైపు తిరిగాను.

“రిపోర్టుల ఏమున్నదో నేను చెప్పరాదు అంకుల్, గది సార్ పని. ఆంటీకి సార్ ముందే చెప్పిండు గద. ఆపరేషన్‌కు ముందు ఏం తినాలె, ఏం తినొద్దు, గది నేను చెప్త.”

అయ్యా, ఆపరేషను అన్న మాట నేను మొట్టమొదట విన్నది ఏమి తినకూడదో చెప్పే మనిషి నోట. దేనికి ఆపరేషను అని అడిగాను. రహీల్ నా భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ కిటికీ అవతల పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ లేదు.

కావున ఇప్పటి పరిస్థితి ఇది. ఫోనులో నుదురు కనిపించే డాక్టరుకు తెలుసు. పద్మలతకు తెలుసు. పెద్ద డాక్టరుకు తెలుసు. రహీల్‌కు తెలుసు. జహేదాకు తెలిసే ఉంటుంది. ఎల్లేష్ సగం తెలుసుకున్నాడు. అందరూ ఎవరి పని వారు తప్పు లేకుండా చేస్తున్నారు. ఈ బస్సులో టికెట్టు లేనిది నాకొక్కడికే.

6. ఇంటి విషయం. (ఇది తమ శాఖ పరిధిలోకి రాకపోవచ్చు.)

మా వాకిట్లో బట్టలు ఆరేసే దండెం ఎప్పుడూ దుర్గాబాయి చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఉండేది. అది ఇప్పుడు నడుము దాకా దిగింది. ఎందుకు దించావని అడిగాను.

“పైన నీ అంగీలకు గాలి కొడుతాంది, ఎగిరి పోతున్నయ్,” అన్నది.

కుడి చెయ్యి పైకెత్తడం మానేసింది. జొన్నరొట్టె ఎడమ చేత్తో తిప్పుతున్నది. పక్కకు ఒత్తిగిలి పడుకోవడం లేదు. జీవితమంతా ముఖాలు చూసి బతికినవాణ్ని, నాకు తెలియదా? తెలుసు. కాని తెలియడం వేరు, చెప్పడం వేరు. ప్రయాణికుడు లేదని నోటితో ఒప్పుకునే దాకా మేము చలానా వ్రాసేవాళ్లం కాదు. ఒప్పుకునే దాకా, ఎక్కడో ఏ జేబులోనో ఉంటుందిలే అన్న ఆశ వాడికీ ఉంటుంది, మాకూ ఉంటుంది.

నాకు భయంగా ఉన్నది. ఈ మాటకు ఆఫీసు భాష నాకు దొరకలేదు.

ఈ అర్జీ వ్రాస్తున్నానని తెలిసి నా భార్య స్పష్టంగా చెప్పింది: “గా పిల్ల మీద కాయిదం బెట్టినవో, నేను ఆపరేషన్‌కు పోను. ఆ దినం నా చెయ్యి పట్టుకొని ఉంటనన్నది ఆమె. నువ్వు పట్టుకుంటవా? నీ చేతులు చూడు, ఇప్పటికే ఎట్ల వణుకుతున్నయో.” చూసుకున్నాను. వణుకుతున్నవి.

పై కారణముల వలన తమరిని వేడుకొనునది ఏమనగా:

ఒకటి. డాక్టరు ఎవరు, నర్సు ఎవరు, అసిస్టెంటు ఎవరు అన్నది వారి కోటు మీద తెలుగులో, కంటి చూపు తగ్గినవారికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలలో వ్రాయించవలెను. తెల్లకోట్లన్నీ ఒక్క తీరుగా ఉన్నవి.

రెండు. మందు మొదలుపెట్టేది ఎవరు, కొనసాగించేది ఎవరు, మార్చేది ఎవరు, పై ఆసుపత్రికి పంపేది ఎవరు, కోత పెట్టేది ఎవరు, పక్కన నిలబడి అందించేది ఎవరు అన్నది ప్రతి దవాఖాన గోడ మీద బోర్డు పెట్టించవలెను. బస్సులో టికెట్టు తీసుకోకపోతే ఏమవుతుందో మేము వ్రాయించలేదా?

మూడు. రోగి భర్తకు సంగతి చెప్పవలసిన ఉద్యోగి ఎవరో వ్రాతపూర్వకముగా తెలుపవలెను. అటువంటి ఉద్యోగి లేనియెడల ఒక పోస్టు మంజూరు చేయవలెను. దానికి పెద్ద చదువు అక్కరలేదు. కూర్చోబెట్టి, ముఖం తిప్పకుండా చెప్పగలిగినవారు చాలు.

నాలుగు. నర్సు గారు రోగి వెంట పెద్దాసుపత్రికి వెళ్లి చెయ్యి పట్టుకొని కూర్చోవడం ఆమె విధులలో ఉన్నదా, లేదా? ఉన్నయెడల ఆ రోజున తప్పక వెళ్లమని ఉత్తర్వు ఇవ్వవలెను. లేనియెడల, దయచేసి తమరు ఆ రోజు మా ఊరి వైపు తనిఖీకి రావద్దు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంటుంది. తనిఖీ వద్దని ఒకరిని బతిమాలుకోవడం నా జీవితంలో ఇది మొదటిసారి.

గ్రామం పేరు వేయకపోవడానికి కారణం ఇదే. ఫిర్యాదు అనగానే ముందు బదిలీ, తర్వాత విచారణ జరుగుతాయని నాకు అనుభవం. తమరిని అనుమానించడం కాదు, అనుమానిస్తున్నాను, క్షమించవలెను. ఆమెను ఇప్పుడు బదిలీ చేస్తే నా భార్య బస్సెక్కదు. నా భార్య మళ్లీ ఆ దండెం పైకి కట్టిన రోజున నేనే తమ ఆఫీసుకు వచ్చి గ్రామం పేరు చెప్పుకుంటాను. అప్పుడు విచారణ పెట్టండి. మొదటి సాక్షిని నేనే. ఏ పక్షానికి సాక్షినో ఆ రోజు చూసుకుందాము.

ఇన్ని మాటలు చిత్తగించి, అన్నిటికీ కాకపోయినా మూడవదానికైనా జల్దీగా జవాబు దయచేయవలెను. జవాబు ఇంటికి పంపరాదు, ఇంటి అడ్రసు వేయలేదు. మేడ్చల్ బస్టాండులో కండక్టరు ఎల్లేష్ చేతికి ఇచ్చినా నాకు అందుతుంది.

ఇట్లు,
ఎవరి మాటా సులువుగా నమ్మని, అయినా తమ విధేయుడు,
పర్వతాలు
(రిటైర్డు, టికెట్ల తనిఖీ)

తా.క.: సంతకం పెట్టాక, తప్పులున్నాయేమో చూసుకుందామని అర్జీని పైకి చదువుకున్నాను. నా భార్య అరుగు మీద గోంగూర తెంపుతూ విన్నది. బస్సు మెట్టు మీద నిలబడ్డవాడి మాట దగ్గర నవ్వింది. దండెం మాట దగ్గర తెంపడం ఆపింది. మూడవ కోరిక రాగానే, “గది కొట్టెయ్,” అన్నది.

“ఎందుకు కొట్టేయాలె?”

“మొగనికి పెండ్లాం సంగతి చెప్పనీకె సర్కారు ఎందుకు? నేను చెప్త. ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదంటే, రోగంతోని నాకు అంత భయం గాలేదయ్యా. నీ మొకం ఎట్లయితదో అని భయమైంది. నువ్వు గట్టిగుంటవంటె చెప్త.”

ఉంటానన్నాను. లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చొని చెప్పింది. రొమ్ములో గడ్డ, క్యాన్సరేనట. పద్మలత చెయ్యి పెట్టి చూసిన రోజునే అనుమానపడి పంపిందట. చిన్నగా ఉన్నప్పుడే దొరికిందని పెద్ద డాక్టరు అన్నారట. చెయ్యెత్తితే నొప్పి పరీక్షకు ముక్క తీసిన చోటనట. రొమ్ము తీసేస్తారట. ఆ తర్వాత ఏమవుతుందో వాళ్లు కూడా ఇప్పుడే చెప్పలేరట. ఏదీ దాచలేదు. ముఖం తిప్పలేదు.

కావున మూడవ అభ్యర్థన రద్దు చేసుకుంటున్నాను. తక్కినవి అట్లే ఉంచవలెను.

ఆమె చెబుతున్నంత సేపూ నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బయట ఏమీ లేదు, నడుము ఎత్తు దండెం మీద నా అంగీలు తప్ప.

“గిటు సూడు,” అన్నది.

చూశాను.